క్రికెట్ బ్యాటు – కర్ర రకములు



ఈ నెల గోడపత్రికలో నా వంతుకు "చెట్ల ఉపయోగాలు" అనే వ్యాసం వచ్చింది. చెట్లు నీడనిస్తాయి, పండ్లనిస్తాయి, వానలు కురిపిస్తాయి అని ఆరో తరగతి నుంచి రాస్తూనే ఉన్నాం. కావున నేను ఒకే ఒక్క ఉపయోగం గురించి రాస్తున్నాను. అది క్రికెట్ బ్యాటు. ఇది నేనే ఎందుకు రాస్తున్నానో మూడో నంబరు గది వాళ్ళకు బాగా తెలుసు. మిగతా వాళ్ళ కోసం జరిగింది ముందు చెప్పేస్తాను, తర్వాత పాఠంలోకి వస్తాను.

2025 అక్టోబరు 9న మన విశాఖపట్నం స్టేడియంలో మహిళల ప్రపంచకప్పు మ్యాచి జరిగింది. మన దేశానికీ దక్షిణాఫ్రికాకూ. భోజనాల హాలులో టీవీ పెట్టారు. మనవాళ్ళు వరసగా అవుటైపోతూ ఉంటే రిచా ఘోష్ ఎనిమిదో నంబరులో వచ్చి 77 బంతుల్లో 94 పరుగులు కొట్టింది. ఆ మ్యాచి చివరికి మనం ఓడిపోయాం, అయినా ఎవరికీ నిద్ర పట్టలేదు. ఆ స్టేడియం మధురవాడలో ఉంది, మన గోపాలపట్నం నుంచి బస్సులో వెళ్ళిపోవచ్చు. అంత దగ్గర్లో ఆడపిల్లలు అలాగ కొడుతుంటే మనం రోజూ ఖోఖో ఒక్కటే ఆడుతున్నాం అనిపించింది. మర్నాడు చందాలు వేసుకున్నాం. 26 మందిమి, తలా 25 రూపాయలు. మొత్తం 650 రూపాయలు.

ఆరో తరగతి చెల్లి ఒకత్తి ఇంటి నుంచి వచ్చేటప్పుడు వాళ్ళమ్మ ఇచ్చిన డబ్బులు రుమాలు కొంగులో ముడి వేసి దాచుకుంది. ఆ ముడి విప్పి ఇచ్చింది. ఇది ఎందుకు రాస్తున్నానంటే తర్వాత అవసరం వస్తుంది.

పి.ఇ.టి. మేడమ్ ఆ ఆదివారం డ్యూటీలో ఉండిపోయారు. వాచ్‌మెన్ తాతను తోడిచ్చి మా ముగ్గుర్ని బజారుకు పంపారు. నన్ను ఎందుకు పంపారంటే నేను ఇంగ్లీషు బాగా చదువుతానని. షాపు పేరు రాయను. షాపాయన ఒక తెల్లటి బ్యాటు తీసి "విల్లో అమ్మా, తీసుకోండి" అన్నాడు. నేను స్టిక్కరు మీద ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కొని గట్టిగా చదివాను. "పాపులర్ విల్లో" అని ఉంది. పాపులర్ అంటే ప్రజాదరణ పొందినది అని మన పాఠం వెనకాల అర్థాలలో ఉంది. అంటే ఇది అందరూ మెచ్చిన విల్లో అని నేనే మా వాళ్ళకు విడమరచి చెప్పాను. బేరం కూడా ఆడలేదు. 650 ఇచ్చేశాం.

టెన్నిస్ బంతితో అయిదు వారాలు బాగానే ఆడాం. తర్వాత పక్క హాస్టలు వాళ్ళతో మ్యాచి అని మేడమ్ లెదర్ బంతి తెచ్చారు. మూడో రోజుకి బ్యాటు కాలి దగ్గర చీలిక వచ్చింది. అయిదో రోజున బంతి తగలగానే మెడ దగ్గర పటుక్కున విరిగింది. పిడి నా చేతిలో ఉండిపోయింది, పలక వెళ్ళి వికెట్ల మీద పడింది. అందరూ నవ్వేరు. నాకు నవ్వు రాలేదు. రాత్రి ఆ ఆరో తరగతి చెల్లి నా మంచం దగ్గరికి వచ్చి "అక్కా, మన బ్యాటు మళ్ళీ అతుక్కుంటదా" అని అడిగింది. మా గదిలో ఇద్దరు మూడు రోజులు నాతో మాట్లాడలేదు. వాళ్ళ తప్పేమీ లేదు.

రెండో ఆదివారం మా అయ్య చూడ్డానికి వచ్చాడు. మాది అరకు వైపు. అయ్య సింహాచలం స్టేషన్లో రైలు దిగి నడుచుకుంటూ వచ్చాడు, చిలగడదుంపలు తెచ్చాడు. రిజిస్టరులో వేలిముద్ర వేశాడు, పక్కన నేను పేరు రాశాను. మా ఇంట్లో బడి ముఖం చూసింది నేనే మొదలు. మంచం కింద విరిగిన బ్యాటు చూసి "ఇదేటమ్మా" అన్నాడు. చెప్పాను. అయ్య విరిగిన చోట వేలు పెట్టి చూశాడు, వాసన చూశాడు, గోరుతో నొక్కాడు.

"ఇది అగ్గిపుల్ల కర్రలాగున్నాది. గోరు దిగిపోతంది సూడు. దీన్ని పట్టుకొని రాయిలాంటి బంతిని కొడితే ఇరిగిపోదా?"

నేను "విల్లో అని రాసుంది అయ్యా" అన్నాను. "రాసుంటే సరా. కర్రని కర్రలాగ సూడాల. నాగలికి ఒక కర్ర, గొడ్డలి కామకి ఒక కర్ర, కావిడికి ఒక బద్ద. అన్నీ కర్రలే గానీ ఒకదాని పని ఇంకోటి సేస్తదా?" అన్నాడు.

నాకు చాలా సిగ్గు వేసింది. అయ్యకు ఒక్క అక్షరం రాదు. నేను అక్షరాలు చదివి మోసపోయాను, అయ్య కర్ర చూసి చెప్పేశాడు. తర్వాత పి.ఇ.టి. మేడమ్‌నీ, సైన్సు మేడమ్‌నీ అడిగి, కంప్యూటరు గదిలో చూసి, ఫర్నిచరు బాగు చెయ్యడానికి వచ్చే వడ్రంగి తాతను కూడా అడిగి తెలుసుకున్నవి ఇక్కడ రాస్తున్నాను.

ఇప్పుడు పాఠం.

మొదట ఆ స్టిక్కరు సంగతి. పోప్లార్ అనే చెట్టు ఒకటి ఉంది. ఇంగ్లీషులో పోప్లార్‌కీ పాపులర్‌కీ తేడా మధ్యలో ఒక్క 'యు' అక్షరం. షాపుల్లో పోప్లార్ కర్ర బ్యాటును "పాపులర్ విల్లో" అని అమ్ముతారు. విల్లో, పోప్లార్ రెండూ ఒకే కుటుంబం చెట్లు. శాస్త్రంలో ఆ కుటుంబాన్ని సాలికేసి అంటారు. అంటే వరసకు అప్పచెల్లెళ్ళ పిల్లలు. అయితే ఏమి? మా చిన్నమ్మ కూతురు పరీక్ష రాస్తే నాకు మార్కులు వస్తాయా? పోప్లార్ చెట్లను పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్ రైతులు పొలాల్లో వేస్తారు. అయిదారేళ్ళకే కోతకు వస్తుంది. దాన్ని ప్లైవుడ్డుకు వాడతారు, ఇంకా దేనికి వాడతారో తెలుసా? అగ్గిపుల్లలకు. ఇది చదివినప్పుడు నేను కంప్యూటరు గదిలో ఒక్కదాన్నే పైకి నవ్వేశాను. మా అయ్య పోప్లార్ చెట్టును ఎప్పుడూ చూడలేదు.

అయితే పోప్లార్ బ్యాటు పనికిమాలినది అని నేను అనను. తేలిగ్గా ఉంటుంది, అగ్గువ, మెత్తటి టెన్నిస్ బంతికి, చిన్నపిల్లలకు చాలు. మనం అయిదు వారాలు ఆడాం కదా. లెదర్ బంతికి, కార్కు బంతికి మాత్రం అది ఆగదు. షాపాయన మమ్మల్ని "ఏ బంతితో ఆడతారు" అని అడగలేదు. మేమూ చెప్పలేదు.

బంతి గురించి రెండు మాటలు. క్రికెట్ నియమాల ప్రకారం మగవాళ్ళ లెదర్ బంతి సుమారు 156 నుంచి 163 గ్రాములు ఉండాలి. ఆడవాళ్ళ బంతి కొంచెం చిన్నది, 140 నుంచి 151 గ్రాములు. వార్డెన్ మేడమ్ గారి అనుమతితో స్టోరు రూములో సరుకుల కాటా మీద మన బంతి తూచాం. 158 వచ్చింది. అనగా మనం మగవాళ్ళ బంతితో ఆడుతున్నాం. ఈసారి బంతి కూడా అడిగి కొనాలి. బంతి మారితే ఆటే మారిపోతుంది. 2025 నవంబరు 23న కొలంబోలో అంధ మహిళల మొదటి టి20 ప్రపంచకప్పును మన దేశం గెలిచింది. ఆ జట్టులో మన అల్లూరి సీతారామరాజు జిల్లా అమ్మాయి పాంగి కరుణ కుమారి ఉంది. వాళ్ళ ఆటలో ప్లాస్టిక్ బంతి లోపల బేరింగులు ఉంటాయి, గలగలమనే చప్పుడు విని కొడతారు. పేపరులో ఆమె ఫోటో వచ్చినప్పుడు మన హాలులో ఎంత గోల చేశామో వార్డెన్ మేడమ్‌కు గుర్తుండే ఉంటుంది.

ఇక అసలు విల్లో. ఇది చల్లని ప్రదేశాల్లో నీటి ఒడ్డున పెరిగే చెట్టు. మన కొండల్లో గెడ్డల పక్కన కొన్ని చెట్లు ఎలాగ నీళ్ళలోకి వంగి ఉంటాయో అలాగ ఉంటుంది, బొమ్మలో చూశాను. దీని శాస్త్రీయ నామం సాలిక్స్. పూర్వం దీని బెరడును జ్వరానికి, నొప్పులకు మందుగా వాడేవారు. ఆస్పిరిన్ మాత్ర కనిపెట్టడానికి దారి చూపినది ఆ బెరడులోని పదార్థమే అని సైన్సు మేడమ్ చెప్పారు.

బ్యాటుకు ఈ కర్రే ఎందుకు? మా అయ్య కూడా ఇదే అడిగాడు. గట్టిది కావాలంటే టేకు ఉంది కదా, మద్ది ఉంది కదా అన్నాడు. మన ఊళ్ళలో కర్ర మంచిదా కాదా అంటే చేవ ఉందా అని చూస్తాం. నాగలికీ దూలానికీ చేవే కావాలి. కానీ బ్యాటుకు చేవ కర్ర అంత గొప్ప కాదు. చేవ చుట్టూ ఉండే తెల్లటి లేత భాగాన్నే ఎక్కువ మెచ్చుకుంటారు. ఇది చెబితే అయ్య నమ్మలేదు. కారణం ఏమనగా, మద్ది లాంటి కర్రతో చేస్తే బ్యాటు రోకలిలాగ బరువైపోతుంది, ఊపలేం. బంతి తగిలితే చేతులు జిల్లుమంటాయి. విల్లో తేలిక, మెత్తన, దాని నారలు పొడుగ్గా ఉంటాయి. మనం తొమ్మిదో తరగతిలో దారువు అని చదివాం కదా, ఆ దారువు కణాల్లో గాలి ఉంటుంది. బంతి గుద్దినప్పుడు అవి కొంచెం అణిగి మళ్ళీ లేస్తాయి. సొట్ట పడుతుంది గానీ తొందరగా చీలదు. బ్యాటు చేసేవాళ్ళు పలక ముఖాన్ని యంత్రంలో పెట్టి బాగా నొక్కుతారు. అందుచేత పైన గట్టిగా, లోపల మెత్తగా ఉంటుంది. ఏటికొప్పాక బొమ్మలకు అంకుడు కర్రే ఎందుకు వాడతారు? మెత్తగా ఉండి నునుపుగా చెక్కడానికి వస్తుంది కాబట్టి. ఇదీ అలాగే.

విల్లో బ్యాట్లు రెండు రకములు.

ఇంగ్లీష్ విల్లో ఇంగ్లండు దేశంలో ఎసెక్స్, సఫోక్ అనే ప్రాంతాల్లో బాగా పెరుగుతుంది. పూర్తి పేరు సాలిక్స్ ఆల్బా కేరులియా. కోతకు రావడానికి 15, 20 సంవత్సరాలు పడుతుంది. కర్ర మీగడ రంగులో ఉంటుంది. ముఖం మీద పైనుంచి కిందకి నిలువు గీతలు స్పష్టంగా కనిపిస్తాయి. టీవీలో మనం చూసే పెద్ద ఆటగాళ్ళ బ్యాట్లు ఎక్కువగా ఇవే. 2005 ఏప్రిల్ 5న మన విశాఖపట్నంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 పరుగులు కొట్టాడని వాచ్‌మెన్ తాత ఎప్పుడూ చెప్తాడు. తాత మాటల్లో ఒక్కో సిక్సరు సింహాచలం కొండ మీద పడినట్టే ఉంటుంది. ఇంగ్లీష్ విల్లో బ్యాటు కొనాలంటే వేలకు వేలు కావాలి. మంచిదైతే మన 26 మంది సంవత్సరం ఖర్చు డబ్బులు కలిపినా చాలవు. కావున దీని సంగతి ఇంతటితో వదిలేస్తున్నాను.

రెండోది కాశ్మీర్ విల్లో. మనకు కావలసినది ఇదే, అందుకని దీని గురించి ఎక్కువ రాస్తాను. ఇది మన దేశంలోనే కాశ్మీరులో పెరుగుతుంది. జమ్ము నుంచి శ్రీనగర్ వెళ్ళే పెద్ద రోడ్డు పక్కన అనంతనాగ్ జిల్లాలో సంగం, హల్‌ముల్లా, బిజ్‌బిహారా అనే ఊళ్ళు ఉన్నాయి. ఆ రోడ్డు పొడుగునా బ్యాట్లు చేసే పాకలే. దుంగలను బ్యాటు ఆకారానికి దగ్గరగా ముక్కలు కోసి, మధ్యలో గాలి ఆడేటట్టు ఎత్తుగా గూళ్ళు గూళ్ళుగా పేరుస్తారు. మన ఇళ్ళ దగ్గర వానాకాలానికి కట్టెలు పేర్చినట్టే ఉంది ఫోటోలో. నెలల తరబడి అలాగ ఆరాలి. సరిగా ఆరని కర్ర తర్వాత వంకర పోతుంది, చీలుతుంది. 2021 టి20 ప్రపంచకప్పులో ఒమాన్ జట్టు ఆటగాళ్ళు కాశ్మీర్ విల్లో బ్యాట్లతో ఆడారు. అంత పెద్ద పోటీలో ఆడినది మన హాస్టలు గ్రౌండుకు చాలదా?

కాశ్మీర్ విల్లో ఇంగ్లీష్ విల్లో కంటే కొంచెం బరువు, కొంచెం గట్టి. రంగు లేత గోధుమగా, ఒక్కోసారి ఎర్రటి జీరతో ఉంటుంది. గీతలు అంత స్పష్టంగా కనిపించవు. బంతి దాని మీద నుంచి అంత వేగంగా పోదు అంటారు. ఒక సంగతి బాధగా ఉంది. కాశ్మీరులో కూడా విల్లో చెట్లు తగ్గిపోయి, తొందరగా పెరుగుతాయని పోప్లార్ వేస్తున్నారట. మన కొండ మీద కాఫీ తోటల నీడకు సిల్వర్ ఓక్ వేసినట్టే, ఏది తొందరగా పెరిగితే దాన్నే నాటుతారు కదా.

అయ్య వెళ్ళేటప్పుడు ఇంకో మాట అడిగాడు. "ఎదురుతో సెయ్యకూడదా, మన కొండ నిండా ఎదురే కదా" అన్నాడు. నేను నవ్వేశాను. తర్వాత తెలిసింది, నవ్వకూడదు. 2021లో ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం వాళ్ళు నిజంగానే వెదురు బద్దలు అతికించి బ్యాటు చేశారు. విల్లో కంటే గట్టిగా వచ్చింది. కానీ క్రికెట్ నియమాలు చూసే ఎం.సి.సి. అనే సంస్థ దానితో ఆడడం కుదరదు అంది. బ్యాటు పలక కర్రతోనే ఉండాలని నియమం. వెదురు చెట్టు కాదు, గడ్డి జాతి. ఈ కర్ర నియమానికి కూడా ఒక కథ ఉంది. 1979లో ఆస్ట్రేలియా బౌలరు లిల్లీ పెర్త్‌లో అల్యూమినియం బ్యాటు పట్టుకొని వచ్చాడు. పెద్ద గొడవ అయింది. ఆ తర్వాత పలక కర్రే ఉండాలని నియమాల్లో రాసేశారు. అంతకుముందు 1771లో వైట్ అనే ఆయన వికెట్లంత వెడల్పు బ్యాటు తెచ్చాడు. ఇంక ఎవరు అవుట్ చేస్తారు? అప్పటి నుంచి వెడల్పు నాలుగుంపావు అంగుళాలు దాటకూడదు అన్నారు, అంటే 10.8 సెంటీమీటర్లు. ఇప్పటికీ అదే కొలత. మీ జామెట్రీ బాక్సులో స్కేలుతో ఏ బ్యాటైనా కొలిచి చూడండి.

ఇప్పుడు షాపులో ఏమి చూడాలో చెప్తాను. ఇది అయ్య చెప్పిందీ, వడ్రంగి తాత చెప్పిందీ, మేడమ్ చెప్పిందీ కలిపి రాశాను.

స్టిక్కరు ఆఖర్న చూడాలి. స్టిక్కర్లు విడిగా కూడా దొరుకుతాయి. ఏ బ్యాటుకు ఏదైనా అతికించవచ్చు. "ఇది కాశ్మీర్ విల్లోనా, పోప్లారా" అని నోరు తెరిచి అడగాలి. "విల్లోయే" అంటే ఊరుకోకూడదు. తర్వాత బిల్లు మీద కాశ్మీర్ విల్లో అని రాయించుకోవాలి. రాయను అంటే ఆ షాపు వద్దు.

బాగా తెల్లగా ఉన్నది చూసి మురిసిపోవద్దు. మేము అలాగే మురిశాం. పోప్లారూ తెల్లగానే ఉంటుంది. కాశ్మీర్ విల్లోకు కూడా తెలుపు చేసి ఇంగ్లీష్ అని అమ్మేవాళ్ళు ఉంటారు. ముఖం అంతా ప్లాస్టిక్ కాగితం అతికించి ఉంటే కర్ర కనపడదు, కాబట్టి వెనకాలా అంచులూ చూడాలి. గీతలు నిలువుగా ఉండాలి. అడ్డంగా పోయి అంచులో దిగిపోతే అక్కడే చీలుతుంది. కట్టెలు కొట్టేవాళ్ళకు ఇది కొత్త కాదు, గొడ్డలి ఎటు వేస్తే కట్టె అటు చీలుతుందో మనకు తెలుసు కదా. ముడి, అంటే కర్రలో కన్ను, బంతి తగిలే చోట ఉండకూడదు. వెనకాల మూపు మీద చిన్నది ఉంటే పరవాలేదు, పైగా ధర తగ్గించమని అడగడానికి పనికొస్తుంది.

గోటి పరీక్ష. అంచు మీద ఎవరూ చూడని చోట గోటితో నొక్కాలి. సులువుగా దిగితే పోప్లార్ అని అనుమానించాలి. షాపాయన కోప్పడితే నా పేరు చెప్పండి. చేతిలోకి తీసుకున్నప్పుడు చూడ్డానికి లావుగా ఉండి దూదిలాగ తేలిపోతే అదీ అనుమానమే. మనం సాంద్రత పాఠం చదివాం. ద్రవ్యరాశిని ఘనపరిమాణంతో భాగించాలి. షాపులో భాగించలేం గానీ ఒకే సైజు బ్యాట్లు రెండు చేతుల్లో రెండు పట్టుకుంటే చెయ్యే చెప్తుంది.

మెడ దగ్గర చూడండి. పిడిని పలకలోకి మేకులాగ దించి అతికిస్తారు, అక్కడ వి ఆకారం కనపడుతుంది. ఆ అతుకులో సందు ఉన్నా, లప్పం పూసి ఉన్నా వద్దు. మన బ్యాటు విరిగింది సరిగ్గా అక్కడే. పిడి పేము బద్దలతో చేసి ఉండాలి, మధ్యలో రబ్బరు ఉంటే ఇంకా మంచిది, చేతులు జిల్లుమనవు. అగ్గువ బ్యాట్లకు మామూలు కర్ర పిడి పెడతారు. ఎలాగ తెలుస్తుంది? గ్రిప్పును పైన ఒక అంగుళం కిందకి దించితే పిడి కొన కనపడుతుంది. పేము అయితే సన్న సన్న చుక్కలు చుక్కలుగా ఉంటుంది. ఇది వడ్రంగి తాత మన విరిగిన పిడి చూపించి చెప్పాడు. మనది మామూలు కర్రే.

తర్వాత పాత బంతితో ముఖం మీద నాలుగైదు చోట్ల కొట్టి వినాలి. మంచిదైతే టక్ టక్ అని పలుకుతుంది, బంతి ఎగురుతుంది. డబ్ డబ్ అంటే లోపల చీలిక ఉండవచ్చు. కుండలు కొనేటప్పుడు మన అమ్మలు వేలితో కొట్టి చూస్తారు చూడండి, అలాగన్నమాట.

సైజు. మేము పెద్దవాళ్ళ సైజు కొన్నాం, పెద్దది కొంటే ఎక్కువ రోజులు వస్తుందని. లంగావోణీ కాదు కదా పెద్దది కొని మడిచి కుట్టుకోవడానికి. బ్యాట్లకు 1 నుంచి 6 వరకు పిల్లల సైజులు ఉన్నాయి, ఆ పైన హారో, ఆ పైన పెద్దవాళ్ళది. కంపెనీని బట్టి కొంచెం మారుతుంది గానీ 4 అడుగుల 9 అంగుళాల నుంచి సుమారు 5 అడుగుల వరకు ఉన్నవాళ్ళకు 5వ సైజు సరిపోతుంది. వంటగది తలుపు దగ్గర నిలబెట్టి జట్టు అందరినీ కొలిచాను. 11 మందిలో 8 మంది అందులోకే వస్తారు. పొడుగు అక్కలు ముగ్గురూ కొంచెం వంగి ఆడాలి, మరి తప్పదు. బరువు పరీక్ష ఏమనగా, పైచేతితో ఒక్కదానితోనే బ్యాటును ముందుకు చాచి పట్టుకోవాలి. చెయ్యి వణికితే అది మన బ్యాటు కాదు.

కొన్న తర్వాత మనం చేసే తప్పులు కూడా రాయాలి. మనం ఆ బ్యాటును బట్టల సబ్బుతో కడిగాం. దయచేసి నవ్వకండి, మట్టి అంటుకుందని తోమింది నేనే. బాత్‌రూము గోడకు నిలబెట్టాం. కాలి దగ్గర కర్ర నీళ్ళు పీల్చి ఉబ్బింది, చీలిక మొదలైంది అక్కడి నుంచే. పోప్లార్ కావడం ఒక కారణం, మన సబ్బు ఒక కారణం. కావున మొత్తం తప్పు షాపాయనదే అని అనలేను.

కొత్త బ్యాటుకు పచ్చి అవిసె నూనె పల్చగా గుడ్డతో రాయాలి. ముఖానికి, అంచులకు, కాలికి. మెడ అతుకుకు, పిడికి రాయకూడదు, జిగురు వదిలేస్తుంది. రాసి బోర్లా కాకుండా వెల్లకిలా పడుకోబెట్టి ఒక రోజు ఆరనివ్వాలి. అలాగ రెండు మూడు సార్లు. ఎక్కువ రాస్తే బరువెక్కి చచ్చుబడుతుంది, తలకు రాసినట్టు రాయకండి. తర్వాత పాత లెదర్ బంతిని మేజోడులో వేసి ముడి కట్టి, మెల్లగా మొదలుపెట్టి ముఖం అంతా కొట్టాలి. రోజూ పదిహేను నిమిషాలు. మొత్తం అయిదారు గంటలు పడుతుంది, అంటే సుమారు మూడు వారాలు. ఇది చెయ్యకుండా లెదర్ బంతి ఆడితే కాశ్మీర్ విల్లో అయినా పగులుతుంది. వంతులు వేసుకుంటే సులువు, 26 మందిమి ఉన్నాం. టెన్నిస్ బంతితో ఆడేవాళ్ళకు ఇదంతా అక్కర్లేదు.

విరిగిన బ్యాటు సంగతి. వడ్రంగి తాత జిగురు పెట్టి, నైలాను దారం గట్టిగా చుట్టి అతికించాడు. డబ్బులు తీసుకోలేదు, ఒక గ్లాసు టీ తాగాడు. అది టెన్నిస్ బంతికి పనికొస్తుంది. దాన్ని ఆరు, ఏడు తరగతుల చెల్లెళ్ళకు ఇచ్చేశాం. ఆ చెల్లి అడిగిన ప్రశ్నకు జవాబు ఇదే, అతుక్కుంది. దానితో లెదర్ బంతి ఎవరూ ముట్టుకోవద్దు.

ఇక వార్డెన్ మేడమ్ గారికి నా విన్నపము. మళ్ళీ చందాలు వేసుకున్నాం, తలా 40 రూపాయలు, 1,040 వచ్చింది. పి.ఇ.టి. మేడమ్ 260 కలుపుతానన్నారు. మొత్తం 1,300. బజారులో మూడు షాపుల్లో అడిగించాం, 5వ సైజు కాశ్మీర్ విల్లో ఈ డబ్బుల్లో దొరుకుతుంది, ఆడవాళ్ళ బంతి మాత్రం తర్వాత నెల కొనాలి. ఆ చెల్లి దగ్గర ఈసారి తీసుకోకూడదు అనుకున్నాం. కానీ 40 తెచ్చి నా పుస్తకంలో పెట్టి వెళ్ళిపోయింది, తీసుకోనంటే ఏడ్చింది. మేడమ్, వచ్చే ఆదివారం మా ముగ్గుర్ని బజారుకు పంపవలసిందిగా కోరుతున్నాను. ఆ రోజు మా అయ్య వస్తాడు. షాపుకు అయ్యను కూడా తీసుకువెళ్ళడానికి అనుమతి ఇవ్వండి. బిల్లు నేను చదువుతాను, కర్ర అయ్య చూస్తాడు.

అవిసె నూనె సీసా నా పెట్టెలో ఉంది. మేజోడు ఒకటి కావాలి, చిరిగినదైనా పరవాలేదు, ఇచ్చేవాళ్ళు మూడో నంబరు గదిలో ఇవ్వండి. వ్యాసంలో తప్పులుంటే మన్నించగలరు.

– 9వ తరగతి, 'బి' సెక్షను, మూడో నంబరు గది